డిమెన్షియా ఉన్న పెద్దల దగ్గర యుకులేలే పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలకొల్లు, నర్సాపురం, రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్న పెద్దల ఇళ్ళకీ, వృద్ధాశ్రమాలకీ వెళ్ళి యుకులేలేలతో పాటలు పాడే బృందం మాది. రిటైరైన టీచర్లు, గృహిణులు, దుకాణాలు నడుపుకునేవాళ్ళు, కాలేజీ పిల్లలు ఇందులో ఉన్నారు. మమ్మల్ని ఇంటికి పిలవాలనుకునేవారు, మాతో కలిసి పాడాలనుకునేవారు, తమ ఊళ్ళో ఇలాంటి బృందం పెట్టుకోవాలనుకునేవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

యుకులేలే అంటే ఏమిటండీ?

నాలుగు నైలాన్ తీగలున్న చిన్న వాద్యం. చూడ్డానికి బుల్లి గిటారులా ఉంటుంది. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికోసం హవాయికి వలస వెళ్ళినవాళ్ళు తమ ఊరి చిన్న తీగవాద్యాన్ని వెంట తీసుకెళ్ళారు. వాళ్ళలో ఉన్న వడ్రంగులు హవాయి కలపతో దాన్ని మళ్ళీ తయారుచేయడంతో ఇప్పటి యుకులేలే పుట్టింది. ఇందులో సైజులున్నాయి: సోప్రానో సుమారు 21 అంగుళాలు, కాన్సర్ట్ 23, టెనార్ 26 అంగుళాలు ఉంటాయి. మేం ఎక్కువగా కాన్సర్ట్ సైజు వాడతాం. సోప్రానో మెడ మీద పెద్దవాళ్ళ వేళ్ళు ఇరుకున పడతాయి.

మన హార్మోనియం, వీణ ఉండగా ఇదెందుకు?

హార్మోనియం మీద మాకు ఎంతో గౌరవం. మా బృందంలో ఒక భజన సమాజం హార్మోనిస్టు గారు కూడా ఉన్నారు, వీలైనప్పుడల్లా ఆయన పెట్టెతోనే వస్తారు. కానీ హార్మోనియం కింద పెట్టి, తల వంచి వాయించాల్సిన వాద్యం. డిమెన్షియా ఉన్న మనిషికి ఎదుటివారి ముఖం కనిపించడం చాలా అవసరం. పాటలో తర్వాతి మాట ఏమిటో వాళ్ళు మన పెదవుల్ని చూసి అందుకుంటారు. యుకులేలే గుండెకి ఆనించి పట్టుకుంటే ముఖానికి ఏదీ అడ్డురాదు, లేచి మంచం పక్కకు వెళ్ళవచ్చు, అరుగు మీద కూర్చోవచ్చు. దాని శబ్దం మెత్తగా ఉంటుంది. డప్పు, తాళాలు, మైకు కొంతమందికి అదురు పుట్టిస్తాయి. పైగా దీన్ని త్వరగా నేర్చుకోవచ్చు. వీణ నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, అంతకాలం ఆగే తీరిక మన పెద్దలకు లేదు.

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఊరికో యుకులేలే బృందం ఉండటం, వాళ్ళు వృద్ధుల కేర్ హోమ్‌లకి వెళ్ళి పాడటం మామూలైపోయింది. అక్కడ ఎక్కువమంది కేర్ హోమ్‌లలో ఉంటారు. మన దగ్గర డిమెన్షియా ఉన్నవారిలో ఎక్కువమంది ఇంట్లోనే, భార్యో కోడలో కూతురో చూసుకుంటుండగా ఉంటారు. అందుకే మేం ముందు ఇళ్ళకి వెళ్తాం, వృద్ధాశ్రమాలు ఆ తర్వాత.

మా నాన్నగారు యుకులేలే ఎప్పుడూ చూడనే లేదు. ఆయనకేం గుర్తొస్తుంది?

వాద్యం గుర్తుండాల్సిన అవసరం లేదు. పాట గుర్తుంటే చాలు. వాద్యం ఆ పాటకి శృతి, లయ అందిస్తుంది, అంతవరకే దాని పని. నిజానికి కొత్త వస్తువు కావడం కూడా ఒక మేలు చేస్తోంది. "ఇదేంటమ్మా, చిన్న వీణా?" అని అడుగుతారు, చేతిలోకి తీసుకుని చూస్తారు. మేం ఇచ్చేస్తాం. యుకులేలే తీగల్ని జి, సి, ఇ, ఎ స్వరాలకు శృతి చేస్తారు. ఆ నాలుగూ ఎక్కడా వేలు పెట్టకుండా ఒకేసారి మీటినా వినసొంపుగానే ఉంటాయి, అపశృతి రాదు. కాబట్టి మీ నాన్నగారు ఎలా మీటినా పాటకి తోడుగానే ఉంటుంది. కొన్నిసార్లు మాలో ఒకరు పక్కన కూర్చుని ఎడమచేత్తో కార్డులు (కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి మోగేలా తీగల మీద వేళ్ళు పెట్టే పద్ధతులు) పట్టుకుంటారు, పెద్దాయన కుడిచేత్తో మీటుతారు. ఇద్దరూ కలిసి ఒక వాద్యం వాయిస్తున్నట్టన్నమాట.

ఒక్క జాగ్రత్త ఉంది. నాటకాల్లో, భజనల్లో, చర్చి క్వయర్‌లో ఉండి వచ్చినవారికి పేర్లు మరచినా శృతి జ్ఞానం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. తీగ కాస్త జారినా ముఖం చిట్లిస్తారు. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం బయటే క్లిప్ ట్యూనర్ పెట్టి శృతి చూసుకుని లోపలికి వెళ్తాం.

సొంత కొడుకు పేరు మర్చిపోయిన మనిషికి పాట ఎలా గుర్తుంటుంది?

డిమెన్షియాలో చాలా రకాలున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిమెన్షియా కేసుల్లో 60 నుంచి 70 శాతం వరకు అదే కావచ్చు. అల్జీమర్స్ సాధారణంగా మెదడులో కొత్త జ్ఞాపకాలను పోగుచేసే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని ముందు దెబ్బతీస్తుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, పదిహేనేళ్ళప్పుడు విన్న పాట గుర్తుంటుంది.

పాట మెదడులో ఒక్కచోట దాగి ఉండదు. రాగం, లయ, మాట, నోటి కదలిక, ఆనాటి సంతోషం అన్నీ కలిసి ముడిపడి ఉంటాయి. 2015లో 'బ్రెయిన్' అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎప్పటినుంచో తెలిసిన సంగీతాన్ని గుర్తుపట్టేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతా భాగాలతో పోలిస్తే తక్కువగా క్షీణిస్తాయని అందులో చూపించారు. మాట తట్టక వాక్యం మధ్యలో ఆగిపోయే మనిషి ఒక కీర్తన చివరి చరణం దాకా పాడేయడం వెనక ఇలాంటి కారణాలున్నాయి. అదేదో దైవలీల అనుకునేవారి నమ్మకాన్ని మేం కాదనం. అయితే ఆ పాట పాడాక మనిషి పూర్తిగా మామూలైపోతారని మాత్రం ఆశపెట్టుకోవద్దని చెప్తాం.

అయితే పాటలతో జబ్బు తగ్గుతుందా?

తగ్గదు. ఈ మాట ప్రతి ఇంట్లోనూ ముందే చెప్తాం.

కోక్రేన్ సంస్థ ఎన్నో పరిశోధనల్ని కలిపి పరిశీలించి తేల్చినదాని ప్రకారం, కనీసం అయిదు సార్లయినా సంగీతంతో గడిపితే డిమెన్షియా ఉన్నవారిలో దిగులు తగ్గే అవకాశం ఉంది. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం శిక్షణ పొందిన సంగీత చికిత్సకులతో జరిగినవి. మేం చికిత్సకులం కాదు, పాటలు పాడే ఇరుగుపొరుగువాళ్ళం. మా రాక వల్ల మందులు మానేయకండి, డాక్టర్ దగ్గరకు వెళ్ళడం వాయిదా వేయకండి.

మరి ఎందుకు వస్తున్నారు అంటే, దిగులు తగ్గడం చిన్న విషయం కాదు గనక. రోజంతా "ఇది ముట్టుకోకండి, అటు వెళ్ళకండి, ఇందాకే చెప్పాను కదా" అన్న మాటలే వినే మనిషికి, తనకు పూర్తిగా చేతనైన పని ఒకటి చేసే అవకాశం అరగంటైనా దొరుకుతుంది. ఆ అరగంటలో ఇంట్లోవాళ్ళకి కూడా తమ పాత అమ్మ, పాత నాన్న కాసేపు కనిపిస్తారు. మాకైతే ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఏ పాటలు పాడతారు?

మా పని మొత్తంలో ఎక్కువ ఆలోచించాల్సిన విషయం ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాం.

మనిషికి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ వయసు మధ్య విన్న పాటలు అన్నిటికంటే గట్టిగా నిలుస్తాయి. ఇప్పుడు ఎనభై ఏళ్ళున్నవారికి ఆ కాలం సుమారుగా 1955 నుంచి 1975 వరకు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. పంచాయతీ రేడియో దగ్గరో, టూరింగ్ టాకీసులోనో ఘంటసాల, సుశీల, లీల, జిక్కి గొంతులు విన్న తరం ఇది. అందుకని ఆనాటి సినిమా పాటలు మా జాబితాలో బాగా ఉంటాయి. కానీ అవొక్కటే సరిపోవు. సినిమాకి పంపని ఇళ్ళలో పెరిగిన ఆడవాళ్ళు ఎంతమందో. వాళ్ళకి మంగళహారతులు, పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు వచ్చు. పొలం పనులకు వెళ్ళినవారికి ఊడుపు పాటలు, దంపుళ్ళ పాటలు వచ్చు. నర్సాపురం వైపు అరుగుల మీద గుంపుగా కూర్చుని లేసు అల్లినవారికి ఆ అల్లికతో పాటే కొన్ని పాటలు అలవాటయ్యాయి, వాళ్ళ చేతికి ఒక దారపు ఉండ ఇచ్చి పాట మొదలుపెడితే వేళ్ళు కూడా కదులుతాయి. క్రైస్తవ కుటుంబాల్లో ఆదివారం ఆరాధనల్లో పాడిన పాత తెలుగు కీర్తనలు ఎంత లోతుగా ఉంటాయంటే, మిగతా మాటలన్నీ పోయినా అవి ఉంటాయి. రామాలయం భజనల్లో పెరిగినవారికి భజన పాటలు అలాగే ఉంటాయి.

వీళ్ళకి ఇవే నచ్చుతాయని పేరునో ఇంటినో చూసి మేం ఊహించుకోం. ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి అడుగుతాం: ఏ ఊళ్ళో పుట్టారు? రేడియోలో ఏం వినేవారు? నాటకాల పిచ్చి ఉండేదా? పిల్లల్ని ఏ పాటతో నిద్రపుచ్చేవారు? వంటింట్లో కూనిరాగం తీసేది ఏ పాట? ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడుగుతాం: ఏ పాట పాడకూడదు? పోయిన బిడ్డకి ఇష్టమైన పాటో, భర్త పోయిన రోజుల్లో రేడియోలో మోగిన పాటో ఉండొచ్చు. అది ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.

రికార్డులో ఉన్నట్టే పాడతారా?

లేదండీ. సినిమా పాటల శృతి ఎనభై ఏళ్ళ గొంతుకి అందదు. రెండు మూడు స్వరాలు కిందకి దింపుతాం. వేగం కూడా తగ్గిస్తాం. డిమెన్షియా ఉన్నవారికి మాట అందుకోవడానికి సమయం కావాలి, మనం రికార్డు వేగంతో పరిగెడితే వాళ్ళు వెనకబడి మెల్లగా నోరు మూసుకుంటారు. వాద్యసంగీతం వచ్చే చోట్లు తీసేసి పల్లవి రెండుసార్లు పాడతాం. పల్లవి చివరి మాట దగ్గర కావాలని ఆగుతాం. ఆ మాట వాళ్ళ నోటి నుంచి వస్తే ఆ తర్వాత పాట వాళ్ళదే.

మన రాగాలకి యుకులేలే కార్డులు అతుకుతాయా?

అన్నిటికీ అతకవు. బృందం పెట్టుకోవాలనుకునేవారు ఇది ముందే తెలుసుకోవాలి.

మోహన రాగంలో ఉన్న పాటలతో మొదలుపెట్టండి. సి ని షడ్జమం (స) అనుకుంటే మోహనలో వచ్చే స్వరాలు సి, డి, ఇ, జి, ఎ. సి కార్డులోనూ ఎ మైనర్ కార్డులోనూ ఉన్న స్వరాలన్నీ వీటిలోనివే. యుకులేలే మీద ఆ రెండు కార్డులూ ఒక్కొక్క వేలితో పట్టుకోవచ్చు. అంటే వాద్యం పట్టుకున్న మొదటి వారంలోనే మోహనలో ఒక పాటకి వాయించగలరు. కానీ అలవాటు కొద్దీ ఎఫ్, జి కార్డులు కలిపితే రాగంలో లేని స్వరాలు వచ్చి చెవికి గుచ్చుతాయి. శంకరాభరణం ఛాయ ఉన్న పాటలకి సి, ఎఫ్, జి7 హాయిగా సరిపోతాయి. కల్యాణికి ఎఫ్ వద్దు, జి7 కూడా వద్దు, ఎందుకంటే కల్యాణిలో ఉండేది ప్రతి మధ్యమం (ఎఫ్ షార్ప్), ఆ రెండు కార్డుల్లోనూ ఉండేది మామూలు ఎఫ్. మామూలు జి కార్డు వాడండి. మాయామాళవగౌళ అయితే సి ఒక్కటే పట్టుకుని లయ మాత్రం ఇవ్వండి.

గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) వాద్యం మీద ప్రయత్నించకండి. యుకులేలేకి మెట్లు స్థిరంగా ఉంటాయి, నైలాన్ తీగని పక్కకి లాగినా స్వరం పెద్దగా మారదు. గమకం పాడేవారి గొంతులోనే ఉండాలి.

శృతి విషయానికొస్తే, మన హార్మోనిస్టులు ఒకటి అనేది సి, ఒకటిన్నర అనేది సి షార్ప్. ఒకటిన్నరకి పాడేవారుంటే మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి అవే కార్డులు పట్టుకుంటే సరిపోతుంది.

మా తాతగారు పౌరాణిక నాటకాలు వేసేవారు. పద్యాలకి కూడా వాయిస్తారా?

తప్పకుండా. గోదావరి జిల్లాల్లో ఇది అడిగేవారు చాలామందే. పద్యానికి తాళం ఉండదు, రాగం ఎంతసేపు తీస్తారో ఆయన ఇష్టం. కార్డులు అక్కడ పనికిరావు. జి, సి తీగలు రెండే మెల్లగా మీటుతూ ఉంటాం. అవి పంచమ షడ్జమాలు కాబట్టి తంబురాలా శృతి నిలుస్తుంది. తాతగారు పాదం మధ్యలో మర్చిపోతే వెంటనే అందించం. శృతి అలాగే మోగిస్తూ ఆగుతాం. కాసేపటికి ఆయనే అందుకోవచ్చు, లేదంటే మొదటి పాదం మళ్ళీ ఎత్తుకోవచ్చు. ఒకే పాదం ఎన్నిసార్లు పాడినా చివర చప్పట్లు కొట్టడం మానం. రంగస్థలం మీద నిలబడ్డ మనిషికి వన్స్‌మోర్ అన్న మాట ఎంత బలమో ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఏ వేళప్పుడు వస్తారు? ఎంతసేపు ఉంటారు?

పొద్దున టిఫిన్ అయ్యాక, పది, పదకొండు మధ్య. సాయంత్రం చీకటిపడే వేళ చాలామందికి గాభరా పెరుగుతుంది, "ఇంటికి వెళ్ళిపోవాలి" అంటూ గుమ్మం వైపు నడుస్తారు. ఆ సమయంలో కొత్త మనుషులు గుంపుగా రావడం మంచిది కాదు. ఇంట్లో అయితే అరగంట, వృద్ధాశ్రమంలో ముప్పావుగంట. ఇంటికి ముగ్గురికి మించి రాం.

ఇంట్లో ఏం సిద్ధం చేయాలి?

పెద్దగా ఏమీ లేదు. టీవీ కట్టేయండి. ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంటే స్పీడు తగ్గించండి. కుక్కర్ విజిల్ మేం వెళ్ళాక పెట్టుకోండి. చెవి మిషన్, కళ్ళజోడు ఉంటే పెట్టండి, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో చూడండి. బాత్రూమ్‌కి ముందే తీసుకెళ్ళండి. వెలుతురు మా ముఖాల మీద పడేలా కూర్చోబెట్టండి.

"ఈవిడెవరో గుర్తుపట్టారా? పోయిన వారం వచ్చింది కదా" అని మాత్రం అడగొద్దని బతిమాలుకుంటున్నాం. ఆ ప్రశ్న పెద్దవాళ్ళని పరీక్షలో కూర్చోబెడుతుంది. మేమే ప్రతిసారీ కొత్తగా పేరు చెప్పుకుంటాం: "నమస్కారం మామ్మగారూ, నేను ఫలానా, పాటలు పాడదామని వచ్చాం."

ఇంట్లోవాళ్ళు మాతోపాటే కూర్చుని పాడితే ఎంతో బాగుంటుంది. గొంతు బాగోలేదని వెనక్కి తగ్గకండి. మా అందరి గొంతుల కంటే మీ గొంతు వాళ్ళకి దగ్గరది.

పాట వింటూ ఏడిస్తే?

చాలాసార్లు జరుగుతుంది. ఏడుపు చూసి టక్కున పాట ఆపేస్తే వాళ్ళేదో తప్పు చేసినట్టు కంగారుపడతారు. ఆ చరణం మెల్లగా పూర్తిచేసి, పక్కన కూర్చుని, వాళ్ళు చెయ్యి చాపితే పట్టుకుంటాం. "బాధగా ఉందా పిన్నిగారూ? ఇంకోటి పాడుకుందామా, కాసేపు ఊరుకుందామా?" అని అడుగుతాం. అన్ని కన్నీళ్ళూ బాధవి కావు. కొందరు ఏడుస్తూనే "ఇంకోసారి" అంటారు. కానీ భయం, గాభరా కనిపిస్తే ఆ పాటని జాబితాలోంచి తీసేస్తాం.

కోప్పడితే, చెవులు మూసుకుంటే, "పొండి" అంటే మారుమాట లేకుండా ఆపేసి బయటికి వచ్చేస్తాం. అది వాళ్ళ ఇల్లు, వాళ్ళ హక్కు. లేచి తిరుగుతుంటే తిరగనిస్తాం. నిద్రపోతే గొంతు తగ్గించి ముగిస్తాం. ఒకే పాట మళ్ళీ మళ్ళీ అడిగితే మళ్ళీ మళ్ళీ పాడతాం.

పోయిన భర్త గురించి "ఆయన ఇంకా రాలేదేం?" అని అడిగితే ఏం చెప్తారు?

"పోయారు కదండీ" అని చెప్పం. అలా చెప్పిన ప్రతిసారీ ఆవిడ ఆ వార్త మొదటిసారి విన్నట్టే కుమిలిపోతారు. "వచ్చేస్తారు" అని అబద్ధం కూడా ఆడం. "ఆయనంటే మీకెంత ఇష్టమో. ఆయనకి ఏ పాట ఇష్టమండీ?" అని అడుగుతాం. చాలాసార్లు మాట పాట వైపు తిరుగుతుంది.

వచ్చేటప్పుడు స్వీట్లు తెస్తారా?

తేం. మాలో కొత్తవాళ్ళకి ఇది కష్టంగా ఉంటుంది, ఈ ప్రాంతంలో ఉత్తచేతులతో ఎవరింటికీ వెళ్ళం కదా. కానీ డిమెన్షియా ముదిరేకొద్దీ మింగడం కష్టమవుతుంది. పూతరేకులు పొడిపొడిగా అయి గొంతుకు అడ్డం పడొచ్చు, కాజా పాకంతో అంటుకుపోతుంది. చాలామందికి షుగర్ కూడా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు పెట్టేది ఇంట్లోవాళ్ళే పెట్టాలి. మాకు టీ ఇవ్వాలనుకుంటే పాటలయ్యాక ఇవ్వండి, వేడి గ్లాసులు మధ్యలో వద్దు.

మా అత్తగారు మంచం మీదే ఉన్నారు, మాట లేదు. పాడటం వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. ఒక్కరే వస్తారు. పది నిమిషాలు చాలు. మంచం పక్కన ఆవిడ కళ్ళకి సమానమైన ఎత్తులో కూర్చుని, ఆవిడ ఊపిరి వేగాన్ని చూసి దానికి తగ్గట్టు లాలిపాటో హారతో మెల్లగా పాడతాం, కొన్నిసార్లు మాటలు లేకుండా రాగమే. చూడాల్సినవి చిన్న సంగతులు: నుదుటి మీద ముడత సడలడం, వేళ్ళు కదలడం, ఊపిరి నెమ్మదించడం. మీకు వచ్చిన పాట ఒక్కటి ఉంటే మేం వాయిస్తాం, మీరు పాడండి. వాద్యం లేకపోయినా రోజూ పడుకోబెట్టేటప్పుడు మీరు పాడొచ్చు.

ఫోన్లో వీడియో తీసుకోవచ్చా?

మీ ఇంట్లోవాళ్ళు దాచుకోవడానికైతే తీసుకోండి. మా బృందం తీయదు, ఎక్కడా పెట్టదు. తను అలా కనిపించడం ఇష్టమో కాదో చెప్పగలిగే స్థితిలో లేని మనిషి బొమ్మని లోకానికి చూపించే హక్కు మాకు లేదు. ఈ విషయంలో మినహాయింపులు లేవు.

సినిమా పాటలు పాడితే కాపీరైట్ సమస్య రాదా?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, టికెట్టు లేకుండా వినే ప్రేక్షకుల ముందు అమెచ్యూర్ బృందాలు పాడటం ఉల్లంఘన కిందకి రాదు. రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి. మేం అది ఎలాగూ చేయం.

నాకు సంగీతం రాదు. మీతో చేరవచ్చా?

రండి. సి, ఎ మైనర్, ఎఫ్, జి7 అనే నాలుగు కార్డులతో చాలా పాటలు వాయించవచ్చు. రోజూ పావుగంట కూర్చుంటే కార్డు మార్చేటప్పుడు చెయ్యి తడబడటం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. మొదట్లో వేళ్ళ కొనలు నొప్పి పుడతాయి. అయితే ఇళ్ళకి వచ్చే ముందు కొన్నాళ్ళు మాతో వాద్యం లేకుండా వచ్చి కూర్చోవాలి. వేళ్ళు కదపడం కంటే కుదురుగా కూర్చోవడం, తొందరపడకుండా మాట కోసం ఆగడం నేర్చుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఆ వారం రావద్దు. పిల్లల్ని తీసుకురావచ్చు. పిల్లల్ని చూడగానే పెద్దవాళ్ళ ముఖాలు విప్పారుతాయి.

మా దగ్గర ఫీజు లేదు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం, చందాలు వసూలు చేయం.

యుకులేలే కొనాలంటే ఎలాంటిది తీసుకోవాలి?

నేర్చుకోవడానికి రెండు మూడు వేల రూపాయల్లో దొరికేది చాలు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఘనమైన కలపతో చేసినవాటి కంటే పొరలు అతికించిన లామినేటెడ్ రకం మేలు, వానాకాలంలో తక్కువ ఉబ్బుతుంది. సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, కారులోనో బండి డిక్కీలోనో వదిలేస్తే జిగురు ఊడి, తీగలు కట్టే వంతెన (బ్రిడ్జ్) లేచిపోతుంది. కొత్త తీగలు మొదట్లో సాగుతూ శృతి దిగిపోతుంటాయి, అది లోపం కాదు.

లంక గ్రామాలకి కూడా వస్తారా?

వస్తాం. నర్సాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు మీద దాటి అటు వైపు ఊళ్ళకి వెళ్ళడం మాకు అలవాటే. గోదావరికి వరదొచ్చే జూలై, ఆగస్టు నెలల్లో మాత్రం లంకలకి రాలేం. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి రెండు పాటలు పాడతాం. ఎదురుగా కూర్చున్నంత బాగా ఉండదు గానీ, అసలు లేకపోవడం కంటే నయం.

ఇది వయసు వల్ల వచ్చే చాదస్తమా, డిమెన్షియానా ఎలా తెలుస్తుంది?

మేం చెప్పలేం, డాక్టరే చెప్పాలి. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నలభై ఏళ్ళుగా నడిచిన వీధిలో దారి తప్పడం, అడిగిందే పదిసార్లు అడగడం, రోజూ చేసే వంట వరస మర్చిపోవడం, డబ్బు లెక్క తెలియకపోవడం ఉంటే చూపించాలి. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఒక పెద్ద సర్వే ఆధారంగా అంచనా వేశారు. అందులో ఎంతోమందిని "పెద్దతనం" అని ఇంట్లోనే ఉంచేస్తున్నారు. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి, వాటికి మందులున్నాయి. మనిషి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయంలో పడితే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పెద్దల సమస్యలకి ఎల్డర్‌లైన్ 14567. చూసుకునేవారికి మనసు బాగోలేకపోతే, నిద్ర పట్టకపోతే, ఎప్పుడూ టెన్షన్‌గా ఉంటే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. చూసుకునే కోడలో భార్యో ఈ నంబరుకి ఫోన్ చేయడం తప్పని అనుకోకండి.

అమ్మ ఒకే ఒక్క చరణం పాడుతూ ఉంటుంది. అదేం పాటో మాకు తెలియదు. ఎలా?

ఆ ముక్కని ఫోన్లో రికార్డు చేసి మాకు వినిపించండి. మాటలు అస్పష్టంగా ఉన్నా ఫరవాలేదు, రాగం చాలు. బృందంలో పెద్దవాళ్ళకి వినిపిస్తాం, హార్మోనిస్టు గారికి వినిపిస్తాం. అమ్మగారు పుట్టిన ఊళ్ళో ఆవిడ ఈడు ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి వినిపించండి, ఆడవాళ్ళ పాటలు చాలావరకు పుస్తకాల్లోకి ఎక్కలేదు, ఊరి నోళ్ళలోనే ఉన్నాయి. పూర్తి పాట దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆ చరణానికే శృతి కనుక్కుని, ఆవిడ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారో అక్కడికే వాయిస్తాం. మీరు ఫోన్ చేసేటప్పుడు అమ్మగారు పుట్టిన ఊరు, పెళ్ళై వచ్చిన ఊరు, ఇంట్లో ఆవిడని పిలిచే పేరు చెప్పండి.